బంగళాలో రొట్టె పొంగిన విధం

రాజమహేంద్రవరంలో మా మిషన్ బంగళా దొరసాని గారికి రెండు పట్టుదలలు ఉండేవి. మా క్రైస్తవ కుటుంబాల చేత కల్లు మానిపించడం ఒకటి, రోజూ ఉదయం దూదిలాంటి రొట్టె తినడం ఒకటి. పదకొండేళ్లుగా ఆవిడ ఈ రెండింటినీ ఏ చిక్కూ లేకుండా నడుపుకొస్తున్నారు.

నేను ఆ ఆవరణలోనే ఆడపిల్లల బళ్లో పంతులమ్మని. మావారు మగపిల్లల బళ్లో పంతులు. అంతకంటే ముఖ్యంగా, దొరసాని గారు పెట్టిన మద్యపాన నిషేధ సంఘానికి కార్యదర్శి. సంఘంలో చేరినవాళ్లు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: కల్లు తాగను, కొనను, చేత్తో ముట్టను. రాయడం రానివాళ్లు నిశానీ పెట్టాలి. మా ఇంట్లో సంతకం పెట్టనిది మా అత్తగారు ఒక్కరే.

"తాగనిదాన్ని మానేస్తానని రాసిస్తే, ఇదివరకు తాగేదాన్నని కాదూ?" అనేవారు.

ఆ ఏడు దసరా సెలవులిచ్చేసరికి బంగళా వంటాయన కూతురి పెళ్లికని చెన్నపట్నం ప్రయాణమయ్యాడు. ఆయన్ని అందరం బట్లరు గారనేవాళ్లం. రొట్టె చెయ్యడం మా వైపు ఆయనొక్కడికే తెలుసు. దొరసాని గారు నన్ను పిలిపించారు. ఆవిడది మున్షీ గారు చెప్పిన గ్రంథాల తెలుగు. మంచినీళ్లడిగినా శాసనం చదివినట్టుండేది.

"నీకు సెలవులు కలవు. ఈ దినములలో రొట్టె చేయుట నేర్చుకొనవలెను," అన్నారు.

"నాకు అట్లు వెయ్యడం తప్ప రొట్టె సంగతి తెలీదండి."

"తెలియనివారికే నేర్పుదురు. తెలిసినవారికి నేర్పుట ఎందుకు?"

తలూపి వచ్చేశాను.

బట్లరు గారు చెన్నపట్నం ఓడ కోసం కాకినాడ పడవ ఎక్కబోయే ముందురోజు నన్ను వంటింటి వెనక్కి తీసుకెళ్లి ఇటుక పొయ్యి చూపించాడు. చింతకట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, ఆ వేడిలో రొట్టె పెట్టాలన్నాడు. గోధుమపిండి చెవితమ్మె అంత మెత్తగా అయ్యేదాకా పిసికించాడు. అంతా అయ్యాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తెల్లవారుతూనే వెనక కంచె దగ్గరికి ఒకాయన వస్తాడమ్మా. ముంత ఇస్తాడు. పుచ్చుకుని పిండిలో పొయ్యండి."

"ఏంటండీ అందులో?"

"పులుపు."

"ఏం పులుపు?"

"చెట్టు పులుపమ్మా."

"ఏ చెట్టు?"

ఆయన నోటితో చెప్పలేదు. కాలవగట్టు మీది ఈతచెట్ల వైపు చూశాడు.

"కల్లా!"

"అరవకండమ్మా. పొయ్యిలో పడ్డాక మత్తెక్కడుంటుంది? పొంగు మిగులుతుందంతే."

"దొరసాని గారికి తెలుసా?"

"పదకొండేళ్లుగా బాగుందంటున్నారు. బాగుందన్నవాళ్లని పట్టుకుని మీకు తెలుసా అని అడగడం మర్యాద కాదు గదండీ."

మర్నాడు పొద్దున్నే కంచె దగ్గరికి వెళ్లాను. ఎందుకైనా మంచిదని చేతులు రెండూ పైట కింద పెట్టుకున్నాను. కల్లు గీసే ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. ముంత చాపాడు.

"ఇకనుంచి అక్కర్లేదండి," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "దొరసాని గారు రొట్టె మానేస్తున్నారా అండి? ఒంట్లో బాగాలేదా?"

అంటే ఈ సంగతి ఊళ్లో తెలియనిది దొరసాని గారికీ మాకూ మాత్రమేనన్నమాట. ఆయన వెళ్లిపోయాక సంతోషించాలో బెంగపడాలో తెలియలేదు. ప్రతిజ్ఞ నిలబడింది. పిండి మాత్రం పళ్లెంలో మట్టిముద్దలా పడి ఉంది.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ అప్పుడు అట్లకు మినప్పప్పు, బియ్యం కలిపి రుబ్బుతున్నారు. అట్లతద్ది దగ్గర పడింది. మామగారి కాలంలోనే చర్చిలో చేరినా, ఆవిడ ఆ రోజున బెల్లం అట్లు వెయ్యడం మానలేదు. "పండగ మనది కాదు. పిండి మనదే," అనేవారు.

నా గోడంతా విని, ముందురోజు పిండి మిగిలిన కుండ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టారు. బుసబుసమని బుడగలు కక్కుతోంది.

"దీంట్లో ఎవరు పోశారే కల్లు? దానంతటదే పులిసింది. పట్టుకెళ్లి ఆ గోధుమపిండిలో కలుపు."

కలిపాను. మొదటి రొట్టె పొత్రంలా వచ్చింది. దొరసాని గారు కత్తి పెడితే కత్తి జారిపోయింది. ఆ పూట భోజనానికి ముందు ప్రార్థన మామూలుకంటే పొడుగ్గా సాగింది. రెండో రొట్టె పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది. మూడోదాన్ని నేనే బంగళా దాకా రానివ్వలేదు.

అయినా వదల్లేదు. రొట్టె చేసిన ప్రతిసారీ కాస్త ముద్ద తీసి దాచేదాన్ని. రోజూ గుప్పెడు పిండి, కాసిని నీళ్లు కలిపేదాన్ని. ఎండ తగిలితే పులుపెక్కిపోయేది, ముసురు పడితే కదిలేది కాదు. పసిపిల్ల ఉయ్యాల్లోకి తొంగిచూసినట్టు పూటపూటకీ మూత తీసి చూస్తుంటే, మావారు "దానికేమైనా పేరు పెట్టావా?" అనడిగారు. బట్లరు గారి పిండి రెండు గంటల్లో పొంగేదట. నాది సాయంత్రం కలిపితే మర్నాడు పొద్దెక్కాక గాని లేచేది కాదు. అంత బద్ధకస్తురాలు మా బళ్లో కూడా లేదు.

పదిహేను రోజులకి ఒక రొట్టె పొంగింది. అడుగున వేలితో కొడితే డొల్లగా మోగింది. బట్లరు గారు చెప్పిన గుర్తు అదే. పొయ్యి ముందు నిలబడి ఏడ్చేశాను. పొగ వల్లేనని అందరికీ చెప్పాను.

దొరసాని గారు ముక్క నమిలి, ఆలోచించి, తీర్పు చెప్పారు. "పులుపుగా నున్నది. అయినను ఇది రొట్టెయే."

ఆ ధైర్యంతో ఆవిడ ఇంకో నిర్ణయం చేశారు. దసరాకీ దీపావళికీ మా క్రైస్తవ స్త్రీలు జంతికలూ సున్నుండలూ చెయ్యడం ఆవిడకి నచ్చేది కాదు, వాటిలో విగ్రహాల వాసన ఉందనేవారు. ఆ వాసన ఏ పప్పు లోంచి వచ్చేదో ఎప్పుడూ చెప్పలేదు. ఈసారి దీపావళి ముందు ఆదివారం చర్చిలో కృతజ్ఞతా పండుగ పెట్టి, అందరికీ రొట్టె పంచాలన్నారు. నాలుగు రోజులు పిండి పిసికి నా భుజాలు పడిపోయాయి. అత్తగారూ, మరో ఇద్దరు పంతులమ్మలూ పొయ్యి దగ్గర సాయం నిలబడ్డారు. వాళ్ల ఇళ్లలో అప్పటికే డబ్బాలనిండా జంతికలు ఉన్నాయి. అడిగితే, పిల్లల కోసం అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక దొరసాని గారు రొట్టె ఎత్తి పట్టుకున్నారు.

"సహోదరీ సహోదరులారా, ఇందులో మత్తు పదార్థమేదియు లేదు. నా ఇంట పదకొండు సంవత్సరములుగా ఇట్టి నిర్మలమైన రొట్టెయే భుజించుచున్నాము."

వెనక వరసలో ఎవరో దగ్గారు. పక్కాయనకీ దగ్గొచ్చింది. క్షణంలో వెనక వరసలన్నిటికీ పడిశం పట్టింది. మా అత్తగారు చర్చి కప్పులో వాసాలు లెక్కపెడుతూ కూర్చున్నారు. మావారు మాత్రం ముందు వరస నుంచి గట్టిగా "ఆమేన్" అన్నారు. ఆయనకి నేనింకా చెప్పలేదు.

రొట్టె అందరూ భక్తితో తీసుకున్నారు, ఒక ముక్క కొరికారు, మిగతాది కొంగుల్లో కట్టుకున్నారు. మా వాటా రొట్టెల్ని అత్తగారు ముక్కలు కోసి, నేతిలో వేయించి, యాలకులు వేసిన బెల్లం పాకంలో ముంచారు. ఒక పళ్లెం బంగళాకి పంపమన్నారు. నేనే తీసుకెళ్లాను. దొరసాని గారు ఒకటి తిన్నారు, రెండోది తిన్నారు, మూడోదానికి చెయ్యి చాపుతూ దీని పేరేమిటన్నారు.

"మా బూరెలకి మేనకోడలని చెప్పమన్నారండి మా అత్తయ్యగారు."

ఇక బట్లరు గారు పెళ్లి చేసి, అక్కడే కూతురి దగ్గర ఉండిపోయాడు. నా రొట్టె తింటున్నా దొరసాని గారికి ఆ పాత మెత్తదనం మీద బెంగ తీరలేదు. ఆ కిటుకేమిటో రాయమని నా చేతే ఉత్తరం రాయించారు. ఏదో అబద్ధం ఆలోచించి పెడతాడనుకున్నాను. నెల తిరక్కుండా జవాబొచ్చింది. పైకి చదవమన్నారు. క్షేమసమాచారాలు చదివాను, అల్లుడి గుణగణాలు చదివాను. తర్వాతి వరస దగ్గర ఆగిపోయాను. ఆ వయసులో ఇక దాచేదేముందనుకున్నాడో ఏమో, ఉన్నదున్నట్టు రాసేశాడు.

"ఏల నిలిచితివి?"

"చేతిరాత బాగాలేదండి."

ఆవిడ ఉత్తరం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివారు. "పిండిలో... ముంతెడు... కల్లు... పోయవలెను."

ఆవిడ మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడడం చూశాను. ఇన్నాళ్లూ ఆ క్షణాన్ని తలుచుకుని లోలోపల నవ్వుకున్నదాన్ని, తీరా ఎదురుపడితే నవ్వు రాలేదు. సొంత మనుషుల్ని వదిలి ఇంత దూరం వచ్చిన మనిషి. పొద్దున్నే ఆ ఒక్క రొట్టెముక్క దగ్గరే ఆవిడకి పుట్టిల్లు గుర్తొచ్చేదేమో.

చెన్నపట్నం వైపు రాళ్ల ఉప్పుని కల్లుప్పు అంటారు. బట్లరు గారి నోట విని దొరసాని గారూ ఆ మాటే వాడేవారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు:

"కల్లుప్పు అని వ్రాయబోయి, ఉప్పు విడిచినాడు. పాపము, చదువు తక్కువ."

ముంతెడు ఉప్పు పోసిన రొట్టె సముద్రంలో చేపలు కూడా తినలేవు. అయినా "అవునండి," అన్నాను.

"నీవు ఉప్పు ఎంత వేయుచున్నావు?"

"చిటికెడండి."

"అంతయే వేయుము. నీ రొట్టె నాకు అలవాటైనది."

ఉత్తరం నాలుగు మడతలు పెట్టి కుట్టుపని పెట్టె అడుగున దాచేశారు. ఆ తర్వాత సంఘం సమావేశాల్లో ఆవిడ కల్లు గురించి మాట్లాడారు గాని, రొట్టె ఊసు ఎత్తలేదు.

ఆ సాయంత్రం మావారికి అంతా చెప్పాను. కార్యదర్శి హోదాలో ఆయన ప్రతి శనివారం బంగళాలో టీ తాగి రొట్టె తిన్నవారు. రాస్తున్న కలం పక్కన పెట్టేసి, సంఘం కాగితం తీసి మొదటినుంచీ చదివారు.

"తాగనని సంతకం పెట్టాం గాని, తిననని పెట్టలేదు కదా?" అన్నారు చివరికి.

"లేదండి," అన్నాను. ఆ కాగితం రాసింది ఆయనే.

తర్వాత ఆరేళ్లు, దొరసాని గారు వాళ్ల దేశం వెళ్లిపోయేదాకా, బంగళాకి రొట్టె నేనే చేశాను. నా జీవితంలో అంత బాగా నేర్చుకున్న విద్య ఇంకొకటి లేదు. ఆవిడ స్థానంలో వచ్చిన చిన్న దొరసాని గారికి నా మొదటి రొట్టె ఎంతో శ్రద్ధగా చేసి పట్టుకెళ్లాను. ఆవిడ వాసన చూసి, సిగ్గుపడుతూ, తనకి రొట్టె పడదనీ, అన్నం, పప్పుచారు దొరుకుతాయా అనీ అడిగారు. ఆ ఇటుక పొయ్యిలో తర్వాత కోళ్లని పొదగేశారు. పిల్లలు బాగానే అయ్యాయి.