ఎలుగుకు ఇల్లు దొరికిన సంగతి

ఖమ్మం నుంచి చర్లకు పోయే బస్సులో కోటేష్‌ను ఎరగనివాళ్లు తక్కువ. బోనకల్ పక్కన తండాలో పుట్టి, డిగ్రీ సగంలో ఆపి, కండక్టర్ నౌకరీ సంపాదించిండు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్సు ఈ కొస నుంచి ఆ కొసకు వినపడేది. అతనికి ఒక గుణం ఉండేది. ఎదుటి మనిషి మొహం చిన్నబోతే చూడలేడు. గోదారి పొంగి దుమ్ముగూడెం తోవ మునిగిందని తెలిసిన రోజు కూడా, "పోతమా అన్నా?" అని ఎవరన్నా అడిగితే, "పోకుంటే ఎట్ల, పోతం" అనేటోడు. భార్య సువర్ణ దీనికే కోప్పడేది. "లేదు అనే మాట నీ నోటికి రాదా?" అని.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఒక పొద్దున, చర్లలో బస్సు తియ్యబోతుంటే, ఒకామె కుక్కను తాడుతో పట్టుకొని మెట్ల దగ్గర నిలబడ్డది. పేరు ముత్తక్క. చర్ల అవతల అడవిలో ఒక కోయగూడెం ఆమెది. చింతపండో ఇప్పపువ్వో నెత్తిన పెట్టుకొని ప్రతి సంతకూ వస్తది కాబట్టి కోటేష్‌కు మొహం ఎరుకే. కుక్కను చూడటం అదే మొదలు. నల్లగా, మెడ నిండా బొచ్చుతో, దూరం నుంచి ఎలుగుబంటి పిల్లలాగానే ఉన్నది. దాని పేరు కూడా ఎలుగే.

"దీన్ని తీస్కపో బిడ్డా," అన్నది ముత్తక్క.

"యాడికి అక్కా?"

"ఖమ్మంల కుక్కల్ని సాదే జాగ ఉన్నదట గద. సంతకొచ్చిన పశువుల డాక్టరు చెప్పిండు. ఆడ ఇడిస్తే ఎవరో మంచోళ్లు తీస్కపోయి పెంచుకుంటరట."

"మరి నువ్వెందుకు ఇడుస్తున్నవ్?"

ముత్తక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. ఆ రోజుల్లో అడవిలో పొద్దుగూకినంక తుపాకులతోని నడిచేవాళ్లు ఎక్కువైండ్రు. ఎవరు నడిచినా కుక్కలు మొరుగుతయి. మొరిగితే ఎవరో వస్తున్నరని అందరికీ తెలుస్తది. అందుకని గూడెంలో కుక్కలు ఉండొద్దని మాట వచ్చింది. ఎవరి కుక్కను వాళ్లే లేకుండా చేసుకోవాలె. ఆ మాట ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆమె చెప్పలే, కోటేష్ అడగలే. గూడెంలో అందరూ ఆ పని చేసిండ్రు. కొందరు కొట్టిండ్రు, కొందరు బువ్వలో మందు కలిపిండ్రు.

"నాకు చేతులు రాలే," అన్నది ముత్తక్క. తాడు కోటేష్ చేతిలో పెట్టింది.

డ్రైవర్ దస్రు వద్దన్నడు. ఎవర్నన్నా కరిస్తే ఎవరు జవాబు అని గొణిగిండు. కోటేష్ కుక్కకు లగేజి టికెట్ కొట్టి వెనక సీటు కాలికి కట్టేసిండు. బస్సు కదిలినంక అది వెనక అద్దం మీదికి ముందుకాళ్లు ఎత్తి, దుమ్ముగూడెం దాకా ఒకటే ఏడుపు. భద్రాచలం బ్రిడ్జి మీదికి వచ్చేసరికి గొంతు పోయి, సీటు కింద దూరి పడుకున్నది.

ఖమ్మంలో ఊరి చివర పాత పత్తి గోదాములో ఆ ఆశ్రమం నడిపే మనిషి నాగలత. వైరా పక్క రైతుల ఇంటి ఆడపిల్ల, చదువుకున్నది. ఇల్లు మారేవాళ్లు, ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లు, మోజు తీరినవాళ్లు కుక్కల్ని పిల్లుల్ని తెచ్చి ఆమె దగ్గర వదిలిపెట్టిపోతరు. కావాలనుకున్నవాళ్లు వచ్చి చూసుకొని తీసుకపోతరు. నాగలత ఎలుగు పళ్లు చూసి, మెడ కింద తడిమి, నిట్టూర్చింది.

"నాటు కుక్క, పెద్దదైపోయింది కూడా. దీనికి ఇల్లు దొరకడం కష్టం కోటేష్. వచ్చినోళ్లందరూ తెల్లబొచ్చు కుక్కపిల్ల ఉందా అనే అడుగుతారు."

"చూడండి మేడం. పెద్దామె నమ్మి ఇచ్చింది."

"ఉంచుతాను. మాట మాత్రం ఇవ్వలేను."

తర్వాతి సంతకు చర్లలో బస్సు ఆగంగనే ముత్తక్క కిటికీ దగ్గరికి వచ్చింది. "దొరికిందా ఇల్లు?" అని అడిగింది. అప్పటికి ఎలుగు బోనులో గోడ వైపు తిరిగి, పెట్టిన తిండి ముట్టకుండా ఉన్నది. కోటేష్ ఆమె మొహం చూసిండు. కళ్లు గుంటలు పడి ఉన్నయి.

"దొరికింది అక్కా," అన్నడు.

ఆ ఒక్క మాటతో ఆగితే బాగుండేది. మళ్లీ సంతకు ఆమె "ఎసోంటోళ్లు?" అని అడిగింది. బోనకల్ దగ్గర మామిడితోట ఉన్నోళ్లని చెప్పిండు. ఆ పై సంతకు కోటేష్ మాటల్లోనే ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు. తోటలో బావి వెలిసింది. ఎలుగు పొద్దున పిల్లల్ని బడి దాకా దిగబెట్టి వస్తున్నది. ముత్తక్క నవ్వుకుంట పోయేది. ఆమె నవ్వితే కోటేష్‌కు ఆ పూటకు బరువు దిగినట్టు ఉండేది, ఖమ్మం వచ్చి బోను ముందు నిలబడితే అంతకంత ఎక్కేది. ఎలుగుకు నడుం మీద బొచ్చు రాలిపోయింది. దగ్గరికి ఎవరొచ్చినా పళ్లు చూపిస్తున్నది. వచ్చినవాళ్లు ఆ బోను దాటి పక్క బోనుకు పోతుండ్రు.

వానలు తగ్గినంక ఒక సంతనాడు ముత్తక్క అన్నది: "ఒక్కపారి చూసొస్త బిడ్డా. వచ్చే సంతకు నీ బస్సుల్నే వస్త."

కోటేష్ "రా అక్కా" అన్నడు. ఇంకేమంటడు?

ఆ వారమంతా కుక్కకు ఇల్లు వెతుకుడే పని. డిపోలో అడిగిండు. బోనకల్ తండాలో అడిగితే మాకే చాలా ఉన్నయన్నరు. చివరికి సువర్ణ ముందు కూర్చొని మొత్తం చెప్పిండు. ఆమె బియ్యం ఏరుకుంటనే విన్నది.

"మనమే తెచ్చుకుందామా?" అన్నడు.

"ఈ కిరాయి ఇంట్ల రెండు అర్రలు. ఇంటామెకు పిల్లి గొంతు వినపడితేనే పడదు. తెచ్చినంక మళ్ల యాడ ఇడుస్తవ్?" అన్నది సువర్ణ. బియ్యం చాట పక్కకు పెట్టి, "ఆమెకు నిజం చెప్పు. నువ్వు మొహం చూడలేకుంటే పక్కకు చూసి చెప్పు. కానీ చెప్పు," అన్నది.

సంతనాడు ముత్తక్క ఉతికిన చీర కట్టుకొని, కొంగులో ఎండుచేపలు మూటకట్టి, అందరికంటే ముందు బస్సెక్కింది. భద్రాచలంలో చాయకు బస్సు ఆగింది. అందరూ దిగినంక కోటేష్ ఆమె పక్క సీట్లో కూర్చున్నడు. సువర్ణ అన్నట్టే, కిటికీ వైపు చూసి చెప్పిండు. మామిడితోట లేదు, పిల్లలు లేరు. కుక్క మొదటి రోజు నుంచి ఆ గోదాములోనే ఉన్నది.

బస్సు బ్రిడ్జి దాటింది. సారపాకలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన మనుషులు ఎక్కిండ్రు, కోటేష్ లేచి టికెట్లు కొట్టుకుంట పోయిండు. తిరిగి వచ్చేసరికి ముత్తక్క ఒళ్లో మూట పెట్టుకొని అట్లనే కూర్చున్నది.

"గూడెంల అందరికీ చెప్పిన బిడ్డా," అన్నది చివరికి. "మామిడితోటల ఉన్నదని, పిల్లలతోని తిరుగుతుందని చెప్పిన. తమ కుక్కల్ని సంపుకున్నోళ్లకు చెప్పిన. మేము గూడ నీతోని పంపకపోతిమే అని ఎక్కెక్కి ఏడ్చింది మా చెల్లె."

"తప్పయింది అక్కా. పాల్వంచల దింపుతా, వాపస్ బస్సు ఉన్నది, పోతవా?"

"చూడకుంట ఎట్ల పోత?" అన్నది కోపంగా.

గోదాములో నాగలత బోను తలుపు తీసి పక్కకు జరిగింది. ఎలుగు గోడ వైపే తిరిగి ఉన్నది. ముత్తక్క గడపలోనే గొంతుక్కూర్చొని, కోయ మాటల్లో చిన్నగా ఏదో అన్నది. మొదట దాని చెవులు కదిలినయి. అది లేచి, నమ్మకం లేనట్టు మెల్లగా వచ్చి, ఆమె పాదాలు వాసన చూసింది. ఒక్క పెట్టున ఆమె మీద పడ్డది. ఆ ఊపుకు ఆమె వెనక్కి పడి, పడ్డచోటే దాన్ని పట్టుకున్నది. నాగలత అవతలికి పోయి కుళాయి దగ్గర పని ఏదో ఉన్నట్టు నిలబడ్డది.

ముత్తక్క ఆ రాత్రి కోటేష్ ఇంట్లోనే ఉన్నది. సువర్ణ పెట్టింది తిన్నది గానీ కోటేష్‌తో ముక్తసరిగానే మాట్లాడింది. ఎలుగుకు ఇల్లు దొరికేదాకా కదలనని, తెల్లారి నుంచి ఆమె మకాం ఆశ్రమం గేటు దగ్గర వేపచెట్టు కింద. ఎలుగును తాడు లేకుండా పక్కన పడుకోబెట్టుకొని, దాని ఒంటి మీది పిడుదులు ఏరుకుంట కూర్చునేది. వచ్చినవాళ్లు లోపలికి పోతూ ఆగి చూసేవాళ్లు. బోనులో పళ్లు చూపించిన కుక్క ఇదేనంటే నమ్మేటట్టు లేదు.

అట్లా ఆగినవాళ్లలో చెంచురామయ్య, భారతమ్మ ఉన్నరు. మధిర పక్క మిర్చి, పత్తి వేసే రైతులు. చేను గట్టునే ఇల్లు. వాళ్ల కుక్కను పాము కరిచి పోయింది. అల్సేషన్ ఏదన్నా దొరుకుతుందేమోనని వచ్చిండ్రు.

"ఇది మీదేనా అమ్మా?" అన్నది భారతమ్మ.

"నాదే. ఇల్లు దొరికితే ఇస్త."

"పెంచినదానివి, ఎందుకు ఇచ్చేస్తున్నావు?"

ముత్తక్క చెప్పింది. భారతమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. చెంచురామయ్య వంగి ఎలుగు కాళ్లు చూసి, "అడివి పందులొస్తే నిలబడుద్దా?" అని అడిగిండు.

"పంది దగ్గరికి పోదు, దూరం నుంచే తిప్పలు పెడతది. పోడు చేన్ల నా పక్కనే పండేది. పాము కనపడితే ఒక తీరు మొరుగుతది, మనిషైతే ఒక తీరు. ఉరుముకు భయం. ఉరిమితే మంచం కిందికి వస్తది, ఎల్లగొట్టొద్దు. కట్టేస్తే బతకదు."

"కట్టెయ్యం," అన్నది భారతమ్మ. మొగుడి వైపు తిరిగి, "అల్సేషన్ వద్దు ఏం వద్దు, దీన్నే తీసుకెళ్దామండీ," అన్నది.

ఇవ్వడం ఒప్పుకున్నంత సులువుగా పంపడం జరగలే. ట్రాలీ ఆటోలోకి ఎక్కించబోతే ఎలుగు నాలుగు కాళ్లూ పాతేసింది. చెంచురామయ్య బిస్కెట్ చూపిస్తే మొహం తిప్పుకున్నది. ఆఖరికి ముత్తక్కే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని ఆటో ఎక్కి కూర్చున్నది. ఆమె వెనకాల అదీ దుమికింది. భారతమ్మ నవ్వి, "నువ్వూ రామ్మా, నాలుగు రోజులుండి పో. అది అలవాటవ్వాలి కదా," అన్నది.

ముత్తక్క అక్కడ ఉన్నన్ని రోజులూ ఊరికే కూర్చోలే, మిర్చి చేనులో కలుపు తీసింది. మొదట్లో బువ్వ ఆమె పెడితేనే తిన్న కుక్క, భారతమ్మ గిన్నె పెట్టినా తినుడు మొదలుపెట్టింది. ఒక రాత్రి ఉరిమింది. అది చెంచురామయ్య మంచం కిందికి పోయి పడుకున్నది. ముత్తక్క మేలుకొనే ఉన్నది, చూసింది. తెల్లారి చెంచురామయ్య మోటరు వెయ్యను చేను లోపలికి పోతుంటే ఎలుగు వెంట పోయింది. మిర్చి చెట్ల నడుమ నల్లటి వీపు కనపడకుండా పోయినంక, ముత్తక్క సంచి తీసుకున్నది.

"వచ్చేదాకా ఆగు, చెప్పి వెళ్లు," అన్నది భారతమ్మ.

"వద్దమ్మా. వస్తే ఎంట పడతది. నేను మళ్ల ఆటో ఎక్కాల్సొస్తది."

భారతమ్మ బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టింది. ముత్తక్క బస్టాపు దాకా వెనక్కి చూడకుండ నడిచింది.

ఖమ్మంలో ఆశ్రమానికి పోయి నాగలతకు కుక్క సంగతి చెప్పి వచ్చింది. ఆ రోజు నుంచి నాగలత ఒక పద్ధతి పెట్టుకున్నది. ఎవరు ఏ జీవాన్ని వదలడానికి వచ్చినా, ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, దాని బుద్ధి ఎట్లాంటిది, దేనికి భయపడతది, ఏది ఇష్టం అని అడిగేది. కొందరు చిరాకుపడి లేచిపోయేవాళ్లు. చెప్పుకుంట చెప్పుకుంట మనసు మారి, జంతువును తిరిగి ఇంటికి తీసుకపోయినవాళ్లూ ఉన్నరు.

చర్లకు తిరిగిపోయే బస్సులో ముత్తక్క కోటేష్‌ను తన పక్కన కూర్చోమన్నది. "ఇంక నుంచి నాకు నిజమే చెప్పు," అన్నది. "సచ్చిపోయిందన్నా చెప్పు. చెప్తవా?"

"చెప్తా అక్కా."

కోటేష్‌కు అది అలవాటు లేని పని. అయినా సెలవుకు తండాకు పోయినప్పుడు మధిర దాకా పోయి చూసివచ్చేవాడు. చూసింది చూసినట్టే చర్లలో చెప్పేవాడు. నడుం మీద బొచ్చు మళ్లీ వచ్చింది. ఎడమ కాలికి ముల్లు గుచ్చుకొని కుంటుతున్నది. మందు పెడుతున్నరు. ఒకనాడు మాత్రం ఆమె కిటికీ దగ్గరికి వచ్చి అడిగినప్పుడు అతను నీళ్లు నమిలిండు.

"ఏందో చెప్పు బిడ్డా."

"భారతమ్మ గారి కోడిపెట్టను పట్టింది అక్కా. ఆమె చానా కోపం మీద ఉన్నది. నీకు చెప్పాల్నా వద్దా అని..."

ముత్తక్క కిటికీ ఊచ పట్టుకొని పకపకా నవ్వింది. సంతకు వచ్చినవాళ్లు తిరిగి చూసేంతగా నవ్వింది.

"నావి గూడ రెండు తిన్నది," అన్నది. "ఆ మాట ఆమెకు చెప్పలే నేను. చెప్తే తీస్కపోదేమో అని."