పక్క సాలు చూసి సాలు

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే చెంగల్రాయప్ప, హార్డ్‌డిస్కులో ఒక వరుస గుర్తులను చూసి పక్క వరుస గుర్తులను డిస్కే రాసుకునే పద్ధతి కనిపెట్టాడు. పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనని పేటెంటు ఆఫీసు కొట్టేసింది. ఎవరికీ తట్టదని నిరూపిద్దామని అప్పీలుకు వెళ్లాడు.

విచారణ వీడియోలో, ఆయన అంగట్లోనే జరిగింది. మనవాడు పుంగనూరు సంతలో మిక్సీలు అమ్మి పైకొచ్చినవాడు. సరుకును పొగడాలంటే సులువని చెప్పడమొక్కటే ఆయనకు తెలిసిన విద్య.

"శానా సులువు సార్. మా ఇంటామెకే ఒక్క మాటతో అర్థమైపాయ," అన్నాడు. పక్కనున్న లాయరు తల పట్టుకున్నాడు.

"ఆమెను పిలవండి," అన్నారు తెరమీది అధికారి.

కుప్పం దగ్గర సేద్యగాళ్ల బిడ్డ ఉషారాణి. మొగుడికి మేలు చేయాలన్న తాపత్రయంతో కొంగు సర్దుకుని కెమెరా ముందుకొచ్చింది.

"దీంట్లో ఏముండాది సార్. సేన్లో దున్నేటప్పుడు పక్క సాలు సూసి సాలు తోలినట్టే. ఎవురికైనా తడతాది."

అప్పీలు పోయింది. తీర్పులో ఆమె మాటను ఉన్నదున్నట్టు రాశారు. ఆ పేజీని ఉషారాణి పుట్టింటివాళ్లందరికీ ఫోనులో పంపింది. అంగడికొచ్చినవాళ్లకు ఇప్పటికీ చూపిస్తుంది.

"సూడప్పా, అంత పెద్దాఫీసోళ్లు నా పేరు ఏసినారు."

అప్పుడు చెంగల్రాయప్ప బల్లకింద స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ ఉంటాడు.