పన్నెలాగే ఉంటుందన్నాను

నాకు ముక్కు మీద కోపం. ముంబై పక్కన మరమగ్గాల ఊరు భివండీలో పుట్టి పెరిగిన ఆడపిల్లకు అది లేకపోతే ఆటో కూడా ఆగదు. భయం మాత్రం తక్కువే. అలాంటి నేను, అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ మూత తీసి ఉండడం చూసి గడపలోనే చతికిలబడ్డాను. ఆ మధ్యాహ్నం గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరమూ మాట్లాడుకోం.

అప్పుడు నేను కర్టెన్ల బట్టకు డిజైన్లు వేసేదాన్ని. బట్ట నేయకముందే, అది కిటికీకి వేలాడితే ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ చేసి చూపించాలి. నా పాత డబ్బా ఒక్క బొమ్మకు పొద్దంతా తీసుకునేది, అదీ మధ్యలో ఆగిపోయేది. సోమవారానికల్లా ఇరవై బొమ్మలు చూపిస్తే ఏడాది పొడుగునా పని నాకే ఇస్తానని ఒక సేఠ్ అన్నాడు. బాపుకు, అంటే మా నాన్నకు, నాలుగు సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. బట్టకు గిరాకీ పడిపోయింది, బాపుకు దగ్గు ముదిరింది. రెండు సాంచాలు తుక్కుకు అమ్మి నాకు కంప్యూటర్ కొనిస్తానన్నాడు. సోమవారం గనక తప్పితే, మిగిలిన రెండింటితో ఇల్లు గడవదు. బాపు దగ్గుతూనే నాగావ్ పోయి ఇంకొకరి సాంచాల మీద కూలికి నిలబడాలి, ఒకప్పుడు తనే ఇద్దరికి కూలి ఇచ్చిన మనిషి.

తుక్కువాళ్లు సాంచాను విప్పరు, సమ్మెటతో పగలగొడతారు. ఆ చప్పుడు ఉన్నంతసేపూ బాపు బజారులో తిరిగి వచ్చాడు. ఏమీ తేలేదు.

కొత్త వర్క్‌స్టేషన్ మా తాహతుకు మించినది. కానీ కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన సర్వర్ల ప్రాసెసర్లు తుక్కు గోదాముల్లో చవగ్గా దొరుకుతాయి. రెంటిని ఒకే బోర్డు మీద బిగిస్తే నా పనికి అవి చాలు, ఎక్కువే. గోదాములో అవి కోడిగుడ్ల అట్టల్లో వరుసగా పెట్టి ఉన్నాయి. అమ్మకానికి కాక పరీక్షల కోసం చేసినవి కొన్ని ఉంటాయని, కొన్ని ఒక్క కంపెనీ బోర్డులో తప్ప ఇంకెక్కడా పనిచేయవని చదివి వెళ్లాను. చదివినకొద్దీ భయం పెరిగింది తప్ప తగ్గలేదు. ఒక్కోదాని మీద నంబరు చూశాను. వెనక్కి తిప్పి, బంగారు చుక్కల మధ్య ఉండే చిన్న ముక్కలేవైనా రాలాయేమోనని ఫోన్ టార్చి వేసి చూశాను. చెమటకు ప్రాసెసర్ చేతిలోంచి జారుతుందేమోనని దుపట్టాకు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను.

గోదాము ముసలాయన రెంటినీ ఒక పాత బోర్డులో పెట్టి వెలిగించి చూపించాడు, మళ్లీ ఊడదీసి వాటి చోట్లకు నల్ల ప్లాస్టిక్ మూతలు వేసి ఇచ్చాడు. "గ్యారంటీ గేట్ తక్, బేటీ," అన్నాడు. గేటు దాటాక మా ఖర్మ.

ఆటోలో బోర్డు బాపు ఒళ్లో ఉంది. పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఏంది బిడ్డా, గీ నల్ల మూతలు?" అని అడిగాడు.

"వాటి కింద సన్నటి సూదులుంటయి బాపూ, ప్రాసెసర్ గా సూదుల మీద కూసుంటది. మన పన్నె లెక్కనే అనుకో. ఒక్క పన్ను వంగినా పని పాడైతది."

పన్నె అంటే సాంచాలో నిలువు పోగులను విడివిడిగా పట్టి ఉంచేది, పొడుగాటి ఇనుప దువ్వెనలా ఉంటుంది. బాపుకు అర్థమయ్యేట్టు చెప్పానని ఆ ఆటోలో నాకు నేనే మురిసిపోయాను.

శాంతి నగర్‌లో మా గది, పక్కవాళ్ల షెడ్డు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. శనివారం మధ్యాహ్నం కిటికీ మూసి మొదటి ప్రాసెసర్ బిగించాను. వేడెక్కకుండా దాని మీద రాసే పేస్టు రెండోదానికి చాలలేదు. దుకాణానికి పోతూ, షెడ్డు నుంచి ఎగిరొచ్చే దూది బోర్డు మీద పడకుండా చూడమని బాపుకు చెప్పాను.

తిరిగొచ్చేసరికి నల్ల మూత బల్ల మీద ఉంది. దాని పక్కన బాపు కళ్లద్దాలు. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలి గోటిని సూదుల వరుస మీదుగా గీస్తున్నాడు. సెకండ్ హ్యాండ్ పన్నెను మావాళ్లు అలాగే పరీక్షిస్తారు. కంటికి దొరకని వంకర గోటికి దొరుకుతుంది. బాపు గోటి మీద నమ్మకంతో పన్నె కొనడానికి ఆయన్ను వెంట తీసుకుపోయినవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

"నాలుగైదు పండ్లు వంకరగున్నయి బిడ్డా," అన్నాడు కళ్లు తెరిచి. "గా ముసలోడు మోసం చేసిండు."

గడపలోనే చతికిలబడ్డాను. కూర్చున్నచోటు నుంచే నోరు జారాను. "మోసం చేసింది ఆయన కాదు, నువ్వు. గా సూదులు నీ గోటికే వంగినయి. రెండు సాంచాలు గాళ్లు పగలగొట్టిండ్రు. మూడోది నువ్వు పగలగొట్టినవ్."

బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. లేచి పక్క షెడ్డుకు పోయాడు. నడుస్తున్న సాంచాను ఆపమని ఎవరినీ అడగని మనిషి, మీటరు లెక్కన కూలి తీసుకునేవాళ్లను అడిగి ఆపించాడు. గోడ అదురు ఆగింది. శాంతి నగర్‌లో పట్టపగలు అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దానికీ నాకు భయమేసింది.

అమ్మ కుట్టుపెట్టెలోంచి సన్న సూది తెచ్చాడు. నేను ఫోన్ కెమెరాలో బోర్డు మీది సూదులను పెద్దవి చేసి పట్టుకున్నాను. వంగినవి ఆరు. ఒక్కటి విరిగినా అంతే. బొమ్మ కదలకుండా మోచేతులు బల్లకు ఆనించాను. దగ్గు ఆపుకోవడానికి ఆయన కండువా పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కుట్టుసూది మొనతో ఒక్కొక్కటే లేపితే అయిదు లేచాయి. ఆరోది సగమే లేచింది. ఇక ముట్టుకోవద్దన్నాను.

రెండో ప్రాసెసర్ పెట్టి స్విచ్ వేశాను. సర్వర్ బోర్డు వెంటనే వెలగదు, కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా స్విచ్ దగ్గరి నుంచి చెయ్యి తీయలేకపోయాను. బాపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పక్కవాళ్లు సాంచాలు మళ్లీ మొదలుపెట్టాకే తెర మీద అక్షరాలు వచ్చాయి. ప్రాసెసర్లు రెండూ ఉన్నాయి. ఆ ఆరో సూది వల్లేమో, మెమరీ పట్టీల్లో ఒకటి మాత్రం కనబడలేదు. అది లేకుండానే సోమవారానికి ఇరవై బొమ్మలూ అయ్యాయి. బాపు నాగావ్ పోలేదు.

నేనన్న మాటకు క్షమించమని అడగలేదు. ఆ సాయంత్రం అడగాల్సింది, పని తొందరలో పడిపోయాను. తర్వాత ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

పోయిన నెల ఇంకో పాత బోర్డు కొన్నాను. మూత తీసి, "వచ్చి చూడు బాపూ," అని పిలిచాను. వచ్చాడు. గడప దగ్గరే ఆగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"దగ్గరికి రా," అన్నాను.

"ఈడికెల్లి కనబడుతనే ఉంది బిడ్డా. మంచిగుంది, అన్ని పండ్లు సక్కగున్నయి," అన్నాడు.

ఆయన కళ్లద్దాలు నా బల్ల మీదే ఉన్నాయి.