చెమ్మ కాగితం

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర జిరాక్సు తీయించుకుని, పాత అలవాటు కొద్దీ కాగితాన్ని బొటనవేలితో రుద్ది చూస్తే నా పేరులో సగం వేలికి అంటుకొచ్చింది. షాపావిడ చటుక్కున ఆ కాగితం తీసేసుకుని, "అయ్యో, మా పేపరు చెమ్మగిల్లిందండీ, ఏమనుకోకండి, ఇంకోటి తీసిస్తా" అంటూ కొత్త కట్ట విప్పింది. అంత చిన్న మాటకు ఈ వయసులో నాకెందుకు తల వాలిపోయిందో మీకు చెప్పుకోవాలి.

నేను గుమాస్తాగా చేసిన సర్కారు ఆఫీసుకు కొత్తగా జిరాక్సు మిషను వచ్చిన రోజుల్లో దాన్ని ముట్టుకునే హక్కు నా ఒక్కడిదే కావడంతో, అబ్బో, నా పొగరు మీరు చూడాలి. నున్నటి తెల్ల కాగితం ఆఫీసరు గారి ఫైళ్లకని దాచి, జనానికి మాత్రం స్టెన్సిలుతో నకళ్లు తీసే సైక్లోస్టైలు కాలంలో మిగిలిపోయిన గరుకు కాగితం వాడేవాణ్ని. అదేమో కిటికీ కింద వానజల్లుకు మెత్తబడి ఉండేది. మిషనులోని నల్లపొడి వేడికి కరిగి కాగితాన్ని పట్టుకోవాలి. గరుకు కాగితం, అందులోనూ చెమ్మ కాగితమైతే, పైపైన కూర్చుంటుందే గాని అతుక్కోదు. మిషను బిగించినాయన ఆ సంగతి చెప్పనే చెప్పాడు, నేనే చెవిన పెట్టలేదు.

ఒక వానాకాలం, సముద్రపు ఒడ్డు ఊరి నుంచి పామర్రులో బస్సు మారి ఒకావిడ వచ్చింది. వేటకెళ్లిన భర్త తిరిగి రాలేదు. పింఛను అర్జీకి రేషను కార్డు నకలు జతచేయాలి. తీసిచ్చాను. పది రోజులకు అదే అర్జీ పట్టుకుని మళ్లీ వచ్చింది. నకల్లో భర్త పేరున్న చోట మరక తప్ప ఏమీ లేదని పై ఆఫీసువాళ్లు తిప్పి పంపారట. వరుసలో అందరూ వింటుండగా, నా నోరు పడిపోను, "చేపల చేతులతో పట్టుకుంటే అక్షరం నిలుస్తుందా?" అని గదమాయించాను. ఆవిడ "తప్పైపోయింది బాబూ" అని, తన చేతుల్ని తనే వాసన చూసుకుని పమిట కింద దాచుకుంది. మళ్లీ అదే కట్టలోంచి తీసిచ్చాను.

ఆ వారంలోనే మా అబ్బాయి బడి సర్టిఫికెట్టు నకలు తీస్తే, నా ఒట్టి పొడి వేలికే వాడి పేరు లేచొచ్చింది. కట్టను తడిమి చూద్దును కదా, చల్లగా మెత్తగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండో నకలూ చెరిగిపోయి ఆవిడ మూడోసారి వచ్చినప్పుడు ఆఫీసరు గారి కాగితం మీద తీశాను. తప్పు నాదమ్మా అన్న మాట గొంతు దాకా వచ్చింది గాని, వరుసలో వాళ్లు వింటారని మింగేశాను. ఆవిడ అప్పటికే పంపు దగ్గర చేతులు కడుక్కొచ్చి, అయినా కాగితం ముట్టుకోకుండా, నన్నే కవర్లో పెట్టివ్వమంది. పోతూ పోతూ వెనక నిలబడ్డ ఇంకో ఆవిడతో, "ముందు చేతులు కడుక్కురా వదినా, మంచోరు ఈ బాబు, నాకు చెప్పింది ఈయనే" అంది. ఆ వదిన నిజంగానే పంపు దగ్గరికి వెళ్లింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఆ అర్జీ ఇక తిరిగి రాలేదు, ఆవిడా రాలేదు. ఇప్పుడు ఆఫీసరుకొక కాగితం, జనానికొక కాగితం అని దాచేవాళ్లు లేరు, అందరికీ ఒకే కట్ట. షాపావిడ కొత్త నకలు నా చేతిలో పెట్టి, "రుద్ది చూసుకోండి బాబాయిగారూ" అంది. నేను రుద్దకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాను. తప్పు మా పేపరుదే అనడానికి ఆవిడకు క్షణం పట్టలేదు. నాకు ఇన్నేళ్లు పట్టింది, అదీ ఆ తల్లితో కాదు, మీతో చెబుతున్నాను.