గాలికి కట్టిన సుంకం

మా తోడికోడల్ని వీధిలో అందరూ కాటా అక్క అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. సంచిలో చిన్న కొక్కెం కాటా లేకుండా ఆవిడ గడప దాటదు. ఉల్లిపాయలు కొన్నా, ఉన్ని కొన్నా కొట్టువాడి తూకం అయ్యాక ఆవిడ తూకం మొదలవుతుంది. గ్యాసు బండ తెచ్చే అతనైతే అడక్కముందే తూచి చూపిస్తాడు. తూకం సరిపోతే ఆవిడ మొహంలో సంతోషం ఏమీ ఉండదు. ఈసారికి తప్పించుకున్నావులే అన్నట్టు చూస్తుంది.

మా బావగారు పోయి చాలా ఏళ్లయింది. అప్పట్నుంచి మా ఇంటి వెనక గదుల్లో ఉంటూ స్వెట్టర్లు అల్లి బతుకుతోంది. చేత్తో కాదు, మిషను మీద. పొడుగాటి బల్ల మీద వరసగా కొక్కేల్లాంటి సూదులుంటాయి. వాటి మీద అటూ ఇటూ తోయడానికి పిడి ఉన్న ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ఆవిడ బండి అంటుంది. బండి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తే ఒక వరస అల్లినట్టు.

ఆవిడ నమ్మిన మనిషి ఒక్కరే, మా ఆయన. కరెంటు బిల్లు కూడా ఆయన చదివి చెబితేనే నమ్మేది. ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ నన్ను ఏడవొద్దన్నారు. ఆవిడ ఆ మాట అనలేదు. ఉన్ని చిలపలు తెచ్చుకుని నా వంటగదిలో కూర్చునేది. నేను రెండు చేతులూ చాపి చిలప పట్టుకుంటే ఆవిడ ఉండ చుట్టేది. మాటలుండేవి కావు. చాలా సాయంత్రాలు అలాగే గడిచాయి.

ఈ చలికాలానికి ముందు ఆ బండి పగిలింది. ఏటా ఒక స్కూలు పిల్లలకు స్వెట్టర్లు ఆవిడే అల్లి ఇస్తుంది. ఆ పని పోతే ఏడాదంతా గడవడం కష్టం. మిషను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. బాగుచేసే అతను చూసి, అతికిస్తే సూదులు విరుగుతాయి, వేరేది వేయాల్సిందే, అది ఇక్కడ దొరకదు అన్నాడు. మందుల కొట్టులో పనిచేసే మా అమ్మాయి ఫోనులో వెతికి, వేరే దేశంలో ఒకావిడ పాత మిషన్ల సామాను అమ్ముతోందని పట్టుకుంది. బొమ్మ చూసి వస్తువు కొనడమేమిటని అక్క నస పెట్టి, స్కూలు వాళ్లు తొందర చేస్తుంటే గత్యంతరం లేక ఒప్పుకుంది. విమానం కూలితో సహా డబ్బంతా కట్టాక కూడా, ఆ అమ్మే మనిషి ఫోటోలో నవ్విన తీరు తనకు నచ్చలేదంది.

కొన్నాళ్లకు మా అమ్మాయి ఫోనుకు మెసేజి వచ్చింది. పార్సిల్ దిగింది, సుంకమూ కొరియర్ చార్జీలూ కడితే ఇస్తాం, కింద నొక్కండి అని. అడిగింది వస్తువు ఖరీదు కంటే ఎక్కువ. అంతా ముందే కట్టేశాం కదా, ఇదెక్కడిదని మా అమ్మాయే వెనకాడింది. ఎందుకంటే పక్కింటి దర్జీ ఇలాంటి మెసేజి నొక్కే బ్యాంకులో ఉన్నది ఊడ్చిపెట్టుకున్నాడు.

తర్వాత కొరియరు నుంచంటూ ఒకతను ఫోను చేశాడు. అక్క తనే అందుకుంది.

"పెట్టెలో ఏముందయ్యా?"

"మిషను పార్టు మేడం."

"ఎంత బరువుంది?"

"ఎనిమిది కిలోలని ఉంది మేడం."

ఫోను పెట్టేసింది. పాత బండి తూకం ఆవిడకు కంఠతా వచ్చు. రెండు కిలోలు కూడా ఉండదు. దొంగ తన నోటితోనే దొరికిపోయాడని వీధంతా చెప్పింది. అతను ఆ తర్వాత చాలాసార్లు చేశాడు. మా అమ్మాయిని కూడా ఎత్తనివ్వలేదు. కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. భయపడ్డాడని ఆవిడ సంబరపడింది. నాకు మాత్రం లోపల బెంగ మొదలైంది. విసిగిపోయి మానేసేది దొంగలే కానక్కర్లేదు కదా. ఈలోగా స్కూలు నుంచి కబురొచ్చింది, చలి ముదిరేలోగా ఇవ్వలేకపోతే వేరేవాళ్లకు చెప్పుకుంటామని.

"ఆ కొరియరు ఆఫీసేదో ఓసారి వెళ్లి చూద్దామక్కా," అన్నాను.

ఆయన పోయాక నేను వీధి మలుపు దాటింది లేదు. అలాంటిదాన్ని బయటికి వెళ్దామనేసరికి అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్నెవరైనా వచ్చి కలిశారా?" అని అడిగింది.

ఎవరూ కలవలేదని ఒట్టేశాక బయల్దేరింది. దొంగల్ని పట్టుకోవడానికే వెళ్తున్నానని మరీ చెప్పింది. సంచిలో కాటాతో పాటు పగిలిన బండి కూడా పెట్టింది, సాక్ష్యానికి.

ఆఫీసు టైర్ల కొట్టు వెనక ఉంది. ఇనప జాలీ వెనక పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. కౌంటర్లో ఉన్నామె మా నంబరు చూసి, ఇది రేపు వెనక్కి వెళ్లిపోయేది, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని అడిగింది. లోపల్నుంచి తెచ్చి పెట్టిన పెట్టె మా టీవీ వచ్చిన పెట్టెంత ఉంది. అక్క దాని తాడుకి కొక్కెం తగిలించి పైకెత్తింది. మూడు కిలోలు కూడా తూగలేదు.

"ఎనిమిదన్నారు. మిగతా ఐదు కిలోలు ఎవరు తిన్నారమ్మా?"

ఆమె కోప్పడలేదు. టేపు తీసి పెట్టె పొడుగూ వెడల్పూ ఎత్తూ కొలిచి చూపించింది. విమానంలో బరువొక్కటే కాదు, ఎంత చోటు పట్టిందో కూడా చూస్తారట. చోటు ఎక్కువైతే దాన్నే బరువుగా లెక్కగడతారట. పంపినావిడ ఎక్కడ పగులుతుందోనని ఇంత పెట్టెలో పెట్టింది. సుంకం వస్తువు ఖరీదు మీదే కాదు, విమానం కూలి మీద కూడా పడింది. సుంకం ముందు తాము కట్టి విడిపించినందుకు కొరియరు వాళ్ల రుసుము వేరు. మేము ఫోను ఎత్తని రోజులకు గోడౌను అద్దె వేరు.

"అంటే గాలిని విమానం ఎక్కించి, ఆ టికెట్టు మీద నా దగ్గర సుంకం గుంజుతున్నారు," అంది అక్క.

"గాలే అనుకోండమ్మా," అందామె. వెనక నిలబడ్డాయన నవ్వాపుకోలేకపోయాడు.

విప్పి చూపిస్తేనే కడతానంది అక్క. కట్టాకే విప్పాలందామె. అక్క పెట్టెను ఒక పక్కకి వంచింది, ఊపింది, చెవి ఆనించింది. మిషను మోత గోడ అవతల్నుంచి విని ఏ సూది విరిగిందో చెప్పే మనిషి. లోపల ఏదీ కదల్లేదు. ఖాళీదేమో అని గొణుక్కుంది. రుమాల్లో మూటగట్టి తెచ్చింది ఉన్ని కొనుక్కునే డబ్బు. కట్టాక లోపల చిత్తు కాగితాలుంటే ఉన్నీ లేదు, బండీ లేదు. కట్టకపోతే స్కూలు పని లేదు. పెట్టె మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయింది. ఆవిడకు ఏం చేయాలో తోచకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వేమంటావే?" అంది నాకేసి తిరిగి.

ధైర్యం చెప్పాలనే ఉంది. కానీ ఏమని చెప్పను?

"నాకు తెలీదక్కా," అన్నాను.

అక్క పెట్టె మీంచి చెయ్యి తీసింది.

"అందరూ తెలుసనే వాళ్లే. తెలీదన్నదానివి నువ్వొక్కదానివే," అంది. రుమాలు ముడి విప్పింది.

పెట్టెలో స్పాంజి కింద స్పాంజి, దాని కింద మళ్లీ స్పాంజి. అట్టడుగున బండి ఉంది. అక్క పాతది తీసి పక్కన పెట్టి, తిరగేసి మరగేసి చూసింది. అచ్చం అదే. కాటాకు తగిలించి తూచింది. పాతదాని కంటే రవ్వంత తక్కువ తూగింది.

"అరిగింది," అని సంచిలో వేసుకుంది.

మిషను నడిచింది. కానీ స్కూలు వాళ్లు అప్పటికే సగం పని వేరే కొట్టుకు అప్పజెప్పారు. అనుమానంతో సగం పోగొట్టుకున్నావు, నమ్మి ఉంటే మొత్తం నీకే వచ్చేది పెద్దమ్మా అంది మా అమ్మాయి.

"దర్జీ కూడా నమ్మాడుగా," అంది అక్క, బండి తోస్తూనే.

వారం తిరక్కుండా ఇంకో మెసేజి వచ్చింది. మీ పార్సిల్ మా దగ్గరుంది, సుంకం కట్టండి అని. బండి మా ఇంట్లోనే నడుస్తోంది, అంటే ఇది దొంగదే. మా అమ్మాయి పాత మెసేజి తీసి, నిజందీ దొంగదీ పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోలేకపోయింది. అక్క మాత్రం దాన్ని చదివించుకుని, మళ్లీ చదవమంది. తూకంలో ఎవరో దొరికినప్పుడు కూడా ఆవిడ మొహం అంత వెలగలేదు.

ఇప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఆవిడ తీయదు. మోగుతున్నదాన్ని పట్టుకొచ్చి నా చేతిలో పెడుతుంది.

"నువ్వు మాట్లాడు. తెలిస్తే చెప్పు, తెలీకపోతే తెలీదను," అని పక్కనే కూర్చుని వింటుంది.

నేను మాట్లాడుతున్నాను. ఎక్కువసార్లు తెలీదనే అంటున్నాను.