బోణీ మనిషి గుర్రం ఎక్కలేదు

2006 ఫిబ్రవరిలో నేను పంజాగుట్టలో ఒక ట్రావెల్ కంపెనీలో గ్రూప్ టూర్స్ విభాగానికి సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని. హోదా పేరు పొడుగు, కుర్చీ పొట్టి. కింద పెద్ద చీరల దుకాణం, పైన మా ఆఫీసు. జనగామలో మా బాపు బట్టల దుకాణం గల్లా పక్కన పెరిగినదాన్ని కాబట్టి, మెట్లెక్కేటప్పుడు వచ్చే కొత్త చీరల గంజి వాసనకు ఉద్యోగానికి వెళ్తున్నానో ఇంటికి వెళ్తున్నానో తెలిసేది కాదు.

గ్రూప్ టూర్స్ అంటే ఒకే సంస్థ మనుషులను ఒకేసారి తీసుకెళ్లి, అందరినీ క్షేమంగా తిరిగి తీసుకురావడం. వెంట వెళ్లే మా మనిషిని ఎస్కార్ట్ అంటారు. టికెట్లు, గదులు, భోజనాలు ముందే కుదిరి ఉంటాయి. ఎస్కార్ట్ పని మిగతాది, అంటే మనుషులు. నాకు ఈ విభాగం ఇవ్వడానికి మా మేనేజరు చెప్పిన కారణం ఒక్కటే: ఈమె బేరమాడకుండా మంచినీళ్లు కూడా తాగదు. అది నిజమే. డాక్టరు ఐదు రోజుల మందులు రాస్తే మూడు రోజులకు తగ్గించమని అడిగిన మనిషిని నేను.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ మేడ మెట్లెక్కినా ఒక అంతస్తులో జావా నేర్పేవారు, దాని పై అంతస్తులో ఆ జావాతో ఉద్యోగం ఇచ్చేవారు. అలాంటి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగులను విశాఖకు తీసుకెళ్లమంది. దాని మేనేజరు రాజశేఖర్ గారు గుంటూరు వైపు మనిషి, సరదా మనిషి. మామూలు బీచి విహారం వద్దన్నారు. భీమిలి దారిలో గైడు వెంట ఉండి సముద్రం ఒడ్డున గుర్రం ఎక్కించే ఏర్పాటు ఉందని ఎక్కడో విన్నారట. అది కావాలి. వాళ్లలో అంతకుముందు గుర్రమెక్కినవారు ఒక్కరూ లేరు.

ఇలాంటి సవారీకి ముందు మేం బ్రీఫింగ్ అనేది చేసేవాళ్లం. వెళ్లేవారిని కూర్చోబెట్టి ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడం. నేను చెప్పే మాటలు ఇవి. పొట్టి నిక్కర్లు వద్దు, జీను తోలు తొడలను ఒరుస్తుంది, నిండు ప్యాంటు వేసుకోండి. చెప్పులు వద్దు, కొంచెం మడమ ఉన్న బూట్లు తొడగండి. మడమ లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది, అప్పుడు పడినా పూర్తిగా పడలేరు. రికాబు అంటే జీనుకు వేలాడే ఇనుప కడియం, అందులో పాదం ముందు భాగమే ఉండాలి. చున్నీలు ఇంట్లో వదిలి రండి. టోపీ అంటే ఎండ టోపీ కాదు, గైడు ఇచ్చే గట్టి టోపీ. గుర్రం వెనకనుంచి వెళ్లకండి, ఎడమ భుజం వైపునుంచి మాట్లాడుతూ వెళ్లండి. ఎక్కడం కూడా ఎడమవైపునుంచే. పగ్గాలు పట్టుకుని వేలాడకండి, అవి గుర్రం నోట్లో ఉన్నాయి. తూలినట్టనిపిస్తే జీను ముందు భాగం పట్టుకోండి, లేదా జూలు. బరువు అడిగితే నిజం చెప్పండి, గుర్రానికి ఎలాగూ తెలిసిపోతుంది.

ఇక సముద్రం సంగతి వేరు. పొడి ఇసుకలో గుర్రం కాళ్లు దిగబడతాయి. నీళ్లకూ పొడి ఇసుకకూ మధ్య తడిసి గట్టిపడిన పట్టీ ఉంటుంది, నడక దాని మీద. అల వెనక్కి పోయేటప్పుడు కిందికి చూస్తే నేలే జరుగుతున్నట్టు కళ్లు తిరుగుతాయి. అందుకని చూపు ఎప్పుడూ గుర్రం రెండు చెవుల మధ్యనుంచి ముందుకు. గుర్రం నీళ్లలో నిలబడి ముందుకాలితో తపతపా కొడుతోందంటే ముద్దొస్తోందని ఫోటో తీయకండి. అది పడుకుని పొర్లబోతోంది. వెంటనే ముందుకు నడిపించాలి.

ఇంత చెప్పే నేను అప్పటిదాకా గుర్రం ఎక్కలేదు. బట్టల దుకాణంలో పుట్టినవాళ్లు పట్టుచీరలు అమ్ముతారు, కట్టుకోరు.

చివర్లో ఒక ప్రశ్న ఉండేది. వెన్ను నొప్పి, ఈమధ్య ఆపరేషను, కళ్లు తిరగడం, గర్భం ఇలాంటివి ఎవరికైనా ఉంటే చెప్పండి అని. అమీర్‌పేట ఆఫీసులోనూ అడిగాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఎవరికీ ఏమీ లేదన్నారు. ఎప్పుడూ అంతే.

ఈ బృందానికి నేను ఒకటి అదనంగా చేయదలిచాను. తీరంలో గైడుకు ఒక్కొక్కరి భయం పోగొట్టేంత తీరిక ఉండదు. భయాన్ని సగం ఇక్కడే దించుకుని వెళ్తే అక్కడ మోత తగ్గుతుంది. అందుకని వాళ్ల మేడ వెనక ఖాళీ స్థలానికి ఆదివారం పొద్దున ఒక బారాత్ గుర్రాన్ని పిలిపించాను. గుర్రం పేరు రాణి. దాని యజమాని గఫూర్ భాయ్ ఖైరతాబాద్ మనిషి. పెళ్లికొడుకుల ఊరేగింపులకు గుర్రం పెట్టడం ఆయన తాతలనాటి పని.

“కొత్తోళ్లు అంటే ఫికర్ జెయ్యకక్కా,” అన్నాడు నేను మాట్లాడటానికి వెళ్లినప్పుడు. “నేను ఎక్కిచ్చినోళ్లంత కొత్తోళ్లే. పెండ్లికొడుకు రెండోసారి ఎక్కుతడా?”

ఆదివారం ఆరింటి బ్యాచికి పరుగెత్తే పిల్లలు కూడా పుస్తకాలు చంకలో పెట్టుకుని సందు మొదట్లో ఆగి గుర్రాన్ని చూసి పోతున్నారు. రాజశేఖర్ గారు కొత్త బూట్లలో వచ్చారు. బృందమంతా చేరింది. మొదట ఎవరు ఎక్కుతారన్న దగ్గర అందరూ బూట్లు చూసుకున్నారు. రాజశేఖర్ గారు చప్పట్లు కొట్టి, “మా ప్రసాద్ ఎక్కుతాడండీ. కొత్త ప్రాజెక్టుకి లీడ్ కదా, లీడ్ అంటే ముందుండాలి,” అన్నారు. అందరూ ఊ కొట్టారు.

గఫూర్ భాయ్ రికాబును చేత్తో తాకి ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు. “బోణీ సార్‌ది. బిస్మిల్లా. రాండ్రి సార్.”

ప్రసాద్ భీమవరం నుంచి వచ్చిన కుర్రవాడు, వయసు ముప్పై దాటి ఉండదు. నవ్వుతూనే వచ్చాడు. కానీ మా బాపు నాకు చిన్నప్పుడు ఒకటి నేర్పాడు: గిరాకీ ముఖం చూడకు, కాళ్లు చూడు. ముఖం చీర బాగుందంటుంది, కాళ్లు అప్పటికే గడప వైపు తిరిగి ఉంటాయి. బ్రీఫింగ్ రోజు కుర్చీలు ఖాళీగా ఉన్నా ఈ ప్రసాద్ గోడకానుకుని నిలబడే ఉన్నాడు. కింద పడ్డ పెన్ను కోసం నడుం వంచకుండా మోకాళ్ల మీద కూర్చుని లేచాడు. ఇప్పుడు గుర్రం దగ్గరికి వస్తూ ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని, రికాబు ఎత్తును చూస్తున్నాడు. పాదాలు రెండూ గేటు వైపు ఉన్నాయి.

బూటు మడమ చూడాలని చెప్పి పక్కకు పిలిచాను. మేడ గోడ చాటున, గొంతు తగ్గించి, వెన్నా అని అడిగాను.

అవతలివాళ్లకు వినిపించదని చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. కిందటి వానాకాలంలో పంజాగుట్ట ఆసుపత్రిలో వెన్నుపూస ఆపరేషను అయిందట. కుదుపులు వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆఫీసులో మాత్రం టైఫాయిడ్ అన్నాడట.

“లీడ్ ఇచ్చి నెలైనా కాలేదు మేడం. పొద్దస్తమానం కూర్చునే పని. వెన్ను బాగోలేదంటే ఇంకొకళ్లకిచ్చేస్తారు. ఒక్క రౌండే కదా, ఏం కాదులెండి.”

ఏం కాదులెండి అన్న మాట నేను దుకాణంలో చాలాసార్లు విన్నాను. రంగు పోయే చీర అమ్మేటప్పుడు మేం అనే మాట అది. ఎక్కొద్దన్నాను. ఎక్కకపోతే అందరూ ఎందుకని అడుగుతారన్నాడు. అదీ నిజమే. ఎక్కితే వెన్ను, ఎక్కకపోతే ఉద్యోగం. గోడ అవతల వాళ్లేమో అతని పేరు పెట్టి అరుస్తున్నారు.

గఫూర్ భాయ్ దగ్గరికి వెళ్లి, ఈ సారు ఎక్కడు, ఇంకొకరిని ఎక్కించు అన్నాను. ఆయన ముఖం మారింది. పగ్గం చేతికి తీసుకున్నాడు.

“గట్లెట్లక్కా? బోణీ అని అన్న. బోణీ మనిషిని వాపస్ పంపుతే ఇగ దినమంత గంతే. సాయంత్రం బేగంపేటల బారాత్ ఉంది. బాండు, పటాకలు, మస్తు జనం. ఇది బెదిరితే పెండ్లికొడుకు కింద పడ్తడు. నేను రాణిని ఇంటికి తోల్కపోత, ఏమనుకోకు.”

చదువుకున్నవాళ్లు ఇలాంటిచోట నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. మా బాపు పొద్దున మొదటి గిరాకీ ఉత్త చేతులతో మెట్లు దిగితే మధ్యాహ్నందాకా అన్నం ముట్టేవాడు కాదు. అందుకే దిగనిచ్చేవాడు కాదు. గఫూర్ భాయ్‌కి అదే చెప్పాను.

“భాయ్, మా బాపు బట్టల దుకాణం నడిపిండు. బోణీ మనిషికి చీర నచ్చకపోతే ఏం చేస్తుండె తెలుసా? జాకెట్ గుడ్డ చేతుల పెడుతుండె. చీర కొన్నా బోణీయే, జాకెట్ గుడ్డ కొన్నా బోణీయే.”

ఆయన ఆలోచించాడు. వ్యాపారం తెలిసిన మనిషికి వ్యాపారం మాట వెంటనే దిగుతుంది.

“మంచిగనే ఉంది. మరి గుర్రానికి జాకెట్ గుడ్డ ఏందక్కా?”

“పగ్గం. సారుకు పగ్గం పట్టి నడిపిచ్చుడు నేర్పు. బోణీ ఆయనదే అయితది.”

“జీను ఖాళీగుంటే బోణీ ఎట్లయితది? ఎవలన్న కూసోవాలె గద.” ఆయన నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు. “నువ్వు కూసో.”

బేరంలో నాకు తెలిసిన సూత్రం ఒకటుంది. అవతలివాడు చివరి మాట అన్నాక ఇంకా గుంజితే మొత్తం పోతుంది. దేవుడి దయవల్ల ఆ రోజు చుడీదార్‌లో ఉన్నాను, చున్నీ విప్పి గేటుకు కట్టాను.

ఎక్కడం గురించి ఎక్కువ చెప్పను. జనానికి నేను చెప్పిన ప్రతి మాటా పైకి వెళ్లగానే మరిచిపోయాను. చూపు ముందుకు ఉంచమని చెప్పినదాన్ని రాణి మెడ తప్ప ఏమీ చూడలేదు. జూలు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గఫూర్ భాయ్, “జర ఇడువక్కా, దాని ఎంట్రుకలు దానికి ఉండనీ,” అన్నాడు. నేల అంత దూరంగా ఉంటుందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

గఫూర్ భాయ్ ప్రసాద్‌కు పగ్గం ఇచ్చి పక్కనే నడుస్తూ నేర్పాడు. గుర్రం ఎడమ భుజం దగ్గర ఉండు. పగ్గాన్ని చేతికి చుట్టుకోకు, అది లాగితే నువ్వూ పోతావు, మడిచి పట్టుకో. గుంజకు. వెనక్కి తిరిగి దాని ముఖం చూడకు, చూస్తే అది ఆగుతుంది. నువ్వు పోతుంటే అదే వస్తుంది. ప్రసాద్ అలాగే చేశాడు. రాణి తల దించుకుని, ఎందరో పెళ్లికొడుకులను మోసినట్టే నన్నూ మోస్తూ అతని వెనక నడిచింది.

రాజశేఖర్ గారు ఆగలేకపోయారు. “ఏంటయ్యా ప్రసాదూ, నిన్నెక్కమంటే మేడంగారిని ఎక్కించావేంటి?”

“లీడ్ అంటే ముందుండాలన్నారు కదండీ,” అన్నాడు ప్రసాద్, వెనక్కి తిరగకుండా. “ముందే ఉన్నాను.”

అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక ఎవరూ ఎందుకని అడగలేదు. గఫూర్ భాయ్ నన్ను దింపి, రికాబును తాకి కళ్లకద్దుకున్నాడు. బోణీ అయింది. ఆ తర్వాత ఒక్కొక్కరే ఎక్కారు. మేడంగారే ఎక్కారంటే మనమెంత అన్న ధైర్యం వాళ్లది. ఆ సాయంత్రం బేగంపేటలో రాణి బెదరలేదని తర్వాత కబురు తెలిసింది.

విశాఖకు ఎస్కార్ట్‌గా నేనే వెళ్లాను. అక్కడి తీరపు గైడు పద్ధతి ఏమిటంటే, కొత్తవాళ్లు ఎక్కిన ప్రతి గుర్రం ముందూ ఒక మనిషి నడవాలి. ఆ రోజు ఒక మనిషి తక్కువయ్యాడు. గైడు ప్రసాద్ చేత పగ్గం పట్టించి ఒకసారి చూసి, రాజశేఖర్ గారి గుర్రం అతనికే అప్పగించాడు. దారిలో ఆ గుర్రం ఒకచోట నీళ్లలో ఆగి ముందుకాలితో కొట్టడం మొదలుపెట్టింది. పైనున్న మేనేజరు గారు ఎంత బాగా ఆడుతోందో చూడండంటూ కెమెరా కోసం జేబు తడుముకుంటున్నారు. నేను అరవబోయేలోపే ప్రసాద్ పగ్గం గుంజకుండా, వెనక్కి చూడకుండా గట్టి ఇసుక మీదికి నడక సాగించాడు. గుర్రం ఒక క్షణం ఆలోచించి వెంట వెళ్లింది. అంతే జరిగింది. మేనేజరు గారి కొత్త బూట్లు కూడా తడవలేదు.

రెండు నెలల తర్వాత ప్రసాద్ డాక్టరుకు చూపించుకోవడానికి పంజాగుట్ట వచ్చి, మా ఆఫీసు మెట్లెక్కాడు. తిరుగు రైల్లోనే రాజశేఖర్ గారికి అసలు సంగతి తానే చెప్పేశాడట. ఆయన చాలాసేపు తిట్టారట, దాచినందుకు. లీడ్ తీసేయలేదు, కుర్చీ మార్పించారు. ఆ తర్వాత తన ప్యాంటు పైకి లాగి మోకాలి పట్టీ చూపించారట. “నన్నూ ఎక్కొద్దన్నారయ్యా డాక్టరు. మీరంతా చూస్తున్నారు కదా, ఎలా చెప్పను?” అన్నారట.

ఆ మాట విన్నాక నేను బ్రీఫింగ్ పద్ధతి మార్చాను. మిగతా మాటలన్నీ అందరినీ కూర్చోబెట్టి చెప్పేదాన్ని. ఒంటి సంగతి మాత్రం విడివిడిగా అడిగేదాన్ని. బూట్లు చూస్తానని ఒక్కొక్కరినీ పక్క గదిలోకి పిలిచి, మడమ నొక్కి చూస్తూ, కిందికి చూస్తూనే అడిగేదాన్ని. చెప్పినవారికి ఎక్కొద్దని చెప్పి వదిలేసేదాన్ని కాదు. పగ్గం పట్టడమో, మరో పనో చేతికి ఇచ్చేదాన్ని. గుంపు ముందు ఎవరికీ ఏమీ లేదన్నవాళ్లే ఆ గదిలో చెప్పేవారు, ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు.

గుర్రం ఎంత బరువు మోయగలదో గుర్రం మనిషి చెబుతాడు. అల ఎంత దూరం వస్తుందో గైడు చెబుతాడు. ఎక్కకూడని కారణం మాత్రం ఎక్కబోయే మనిషికే తెలుసు, దాన్ని అతను నలుగురిలో చెప్పడు. గుంపులో వేసిన ప్రశ్నకు గుంపే జవాబు చెబుతుంది, మనిషి చెప్పడు. ఉద్యోగం ముగిసేదాకా నేను ఈ ఒక్క నియమం మీద మాత్రం బేరమాడలేదు.