షుగర్ పుండని చెప్పిన కాలు

చిన్నప్పుడు ఆలేరు దగ్గరి మా ఊళ్లో నా ఎడమకాలి మీద వేడి గంజి పడింది. కాలు కాలింది, మానింది. కానీ మోకాలి కింద నుంచి చీలమండ దాకా చర్మం ముడుచుకుపోయి, గట్టిపడి, మెరుస్తూ మిగిలింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నా నడక చూసి లేచి వెళ్లేవాళ్లు. కొన్నాళ్లకు చూపులూ ఆగిపోయాయి. నందికొండలో నీటిపారుదల శాఖ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చాక, అక్కడి క్వార్టర్లో ఒక్కదాన్నే ఉండడం అలవాటైపోయింది.

తెలంగాణ వచ్చిన ఏడాది ఎండాకాలంలో ఆ పాత మచ్చ చీలమండ పైన పగిలింది. చిన్న పగులే. మందు పూస్తే మూసుకుంది, వానలు పడగానే మళ్లీ తెరుచుకుంది. అట్లా ఏళ్లు గడిచాయి. పొద్దున లేవగానే వేడినీళ్లతో కడగడం, గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టడం, దాని మీదికి చీర కుచ్చిళ్లు దించడం నాకు పళ్లు తోముకోవడం లాంటి పనులైపోయాయి. ఊళ్లో ఉన్న ఒక డాక్టరు మాత్రలిచ్చేవాడు. మాత్రలు వేసుకున్నన్నాళ్లు వాపు తగ్గేది.

పుండు వాసన ముందు నాకు తెలియలేదు. పక్క సీటులో కూర్చునే ఆమెకు తెలిసింది. ఇద్దరం చాలా ఏళ్లుగా ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకొని తినేవాళ్లం. ఒకరోజు ఫోను మాట్లాడాలంటూ డబ్బా తీసుకొని వరండాలోకి వెళ్లింది. మరుసటి రోజూ అంతే. తర్వాత ఫోను వంక కూడా పెట్టలేదు. బస్సులో నా పక్కన ఖాళీగా ఉన్న సీటు చూసి కూడా జనం నిలబడే ప్రయాణం చేసేవాళ్లు. అప్పుడు నాకు అర్థమైంది. నేనే బజారుకు కూరగాయలకు వెళ్లడం తగ్గించి, పప్పూ పచ్చడితో వారాలు గడిపేశాను.

పుండు అంచులు పైకి లేచి, ముట్టుకుంటే నెత్తురు కారడం మొదలయ్యాక హైదరాబాదులో పెద్ద దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మా నల్లగొండ వైపు మనిషి. మాట్లాడగానే తెలిసింది.

"ఎన్నేండ్ల సంది ఉన్నదమ్మా ఈ పుండు?"

"మానుతది, మల్ల తెరుస్తది డాక్టరమ్మా. చాన ఏండ్లాయె."

ఆమె చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన రోజు నా కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ లాక్కొని కూర్చుంది. అంత దగ్గరగా ఒక మనిషి కూర్చొని ఎన్నాళ్లయిందో. క్యాన్సర్ అని ఆమె చెప్పిన మాట కంటే ముందు అదే నా మనసుకు తగిలింది.

"మా ఇంట్ల ఎవ్వరికి లేదు గద. నాకెట్ల వచ్చింది?" అన్నాను.

"ఇది ఇంట్లకెల్లి వచ్చింది కాదమ్మా. పుండయితే దాన్ని మాన్పుటానికి ఒళ్లే వాపు తెస్తది. కొన్నాళ్లుండి పోతె మంచిదే. ఏండ్లకేండ్లు ఉంటె ఆడి కణాలు ఆగమైతయి. మీరేం పని చేస్తరు?"

"టైపిస్టుని."

"అయితే మీకు తెలుస్తది. మిషన్‌ల మీటలన్ని ఉంటయి. గని ఒక మీట ఇరుక్కపోతె ఆ అక్షరం పడదు గద? కణాల పెరుగుడును ఆపే జన్యువులు కొన్ని ఉంటయి. ఏండ్ల తరబడి వాపు ఉంటె వాటి మీద రసాయనాల గుర్తులు పడి, అవి మూసుకపోతయి. జన్యువు ఆడనే ఉంటది, పని చెయ్యది. దీన్నే ఎపిజెనెటిక్ మార్పు అంటరు. కొన్ని జన్యువులైతే నిజంగనే చెడిపోతయి. రెండూ కలిస్తె కణం ఆగకుంట పెరుగుతది. అందరి పుండ్లు గిట్ల కావు. కొందరియి అయితయి."

"మా తమ్ముని పిల్లలకు వస్తదా?"

"ఇది మీ కాలి కాడ అయిన మార్పు. నెత్తుర్ల దిగేది కాదు. వాళ్లకు ఫికర్ లేదు."

మోకాలి కింద కాలు తీసేశారు. తమ్ముడు వచ్చి సంతకం పెట్టాడు, మంచం పక్కన కింద పడుకున్నాడు, నీళ్లు తాగించాడు. ఇంటికి పంపించే రోజు నా సంచి సర్దుతూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"అక్కా, షుగర్ పుండు అని చెప్దాం. పిల్లకు సంబంధం నడుస్తాంది."

డాక్టరమ్మ చెప్పిందంతా వాడికి చెప్పాను. మీటల సంగతి కూడా చెప్పాను. ఓపికగా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే గావచ్చు. గని వాళ్లకు గిదంత ఎవరు చెప్తరు? క్యాన్సర్ అంటె ఇంటికంత ఉన్నట్టే చూస్తరు."

వాడి మీద కోపం రాలేదు. సరేనన్నాను.

నిశ్చితార్థానికి కర్రల సాయంతో వెళ్లాను. నా జీవితంలో షుగర్ లేదు, కానీ ఆ రోజు నుంచి వచ్చింది. అందరికీ లడ్డూ పెట్టినామె నా విస్తరి దాటి వెళ్లింది. "పెద్దమ్మకు చక్కెర లేని చాయ్ తేండ్రి" అని ఎవరో కేక వేశారు. అందరూ నన్ను ఎంతో ప్రేమగా చూసుకున్నారు. ఆ ప్రేమంతా నాకు లేని జబ్బు కోసం. చేదు చాయ్ తాగుతూ, అంతమందిలో నా గురించి తెలిసినవాడు తమ్ముడొక్కడే అనుకున్నాను. వాడు నా వైపు రాలేదు.

తర్వాత నెలలో మేనకోడలు నందికొండకు ఒక్కతే వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది.

"అత్తా, నీ దవాఖాన కాయితం చూసిన. నీకు షుగర్ లేదు గద?"

"లేదు బిడ్డా."

"నాకు గూడ వస్తదా?"

రాదని చెప్పాను, ఎందుకు రాదో కూడా చెప్పాను. అర్థం కానిచోట ఆపి మళ్లీ అడిగింది. చేసుకోబోయే అబ్బాయికి తనే చెప్పేస్తానంది. చెప్పింది కూడా. "ప్లాస్టిక్ కాలు పెట్టిచ్చుకున్నదా మీ అత్త అని అడిగిండు, అంతే" అని ఫోన్ చేసింది. పెళ్లి జరిగింది. పెద్దవాళ్ల లెక్కలో మాత్రం నేను ఇప్పటికీ షుగర్ మనిషినే.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి కిరాయి గది వెతుక్కున్నాను. ఇంటామె నా ప్లాస్టిక్ కాలు చూసి ఏమైందని అడిగింది. ఈసారి క్యాన్సర్ అనే చెప్పాను.

"అంటుకుంటదా అమ్మా?"

"అంటుకోదు."

గది ఇచ్చింది. మంచామె. పండక్కి గిన్నెలో పాయసం పోసి పంపుతుంది. తెచ్చే పిల్ల గిన్నెను గడప బయటే పెట్టి, "అమ్మమ్మా, ఈడ వెట్టిన" అని కేక వేసి వెళ్లిపోతుంది. నేను కాలు తగిలించుకొని లేచి వెళ్లేసరికి వాకిట్లో ఎవరూ ఉండరు. పాయసం ఇంకా వేడిగానే ఉంటుంది. కూర్చొని మొత్తం తింటాను.